గడువు తెల్లవారుజాము 4.30

యూరప్‌లో అర్ధరాత్రి 12 కొట్టేసరికి చలికాలంలో మనకు తెల్లవారుజాము 4.30 అవుతుంది. ఈ లెక్క నాకు 2023 జనవరిలో ఒక రాత్రి వంటబట్టింది. రాయ్‌పూర్ డబ్ల్యూఆర్‌ఎస్ కాలనీలో మా అక్క వాళ్ల ముందు గది. మేనకోడలు లాప్‌టాప్ ముందు, నేను పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో. ఇక్కడి ఒక విద్యాసంస్థలో నాడీశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్న ఆ అమ్మాయి, యూరప్‌లో మూడు వారాల శిక్షణ కోర్సుకు దరఖాస్తు పెడుతోంది. మార్కుల జాబితాలు ఎక్కాయి. పరిశోధన సారాంశం ఎక్కింది. 'మీకు ఈ కోర్సు ఎందుకు?' అన్న ప్రశ్నకు 500 పదాల జవాబును నేనే మూడుసార్లు దిద్దాను. మిగిలింది ఒక్క గడి. గైడ్ సిఫార్సు లేఖ. దాన్ని ఆయనే నేరుగా అప్‌లోడ్ చేయాలి. ఆయన ఫోన్ రాత్రి 9కే స్విచాఫ్ అయింది.

మిగులు విద్యుత్తు రాష్ట్రమని గొప్పగా చెప్పుకునే చోట కరెంటు కూడా ఆ రాత్రి బుద్ధిగా ఉంది. సాకు చెప్పుకోవడానికి అదీ లేదు. 4.30 దాటాక పేజీ తనంతట తానే మూసుకుపోయింది. అక్క టీ పెట్టింది. ఎవరం ఏమీ మాట్లాడలేదు.

రాజనీతిశాస్త్రంలో ఎం.ఏ. చదివి, ఎన్నికల గురించి, బొగ్గు గనుల గురించి, బస్తర్ గురించి రాసుకునే నాకు న్యూరాన్లతో పనేమిటని అడగొచ్చు. నిజమే, ఆ పిల్ల వల్లే నాకు వాటితో పరిచయం. రాయ్‌పూర్-విజయనగరం రైలుమార్గం 1931లో పూర్తయింది. ఆ దారిన శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి రైల్వేలో కుదురుకున్న కుటుంబాలు ఇక్కడ కొల్లలు. మా బావ తాత గ్యాంగ్‌మన్‌గా వచ్చాడు, బావ వ్యాగన్ రిపేర్ షాపులో ఫిట్టర్‌గా రిటైరయ్యాడు. ఆ ఇంట్లో పీహెచ్‌డీ అనే మాట పలికిన మొదటి మనిషి నా మేనకోడలే.

తను ఎంచుకున్న అంశం మాత్రం ఈ మట్టిలోదే. ఛత్తీస్‌గఢ్‌లో తివరా అంటే తెలియని రైతు ఉండడు. కేసరి పప్పు అని మనవాళ్లు చెప్పుకునేది అదే. వరి కోతకు ముందే, చేలో ఇంకా తడి ఉండగానే గింజలు చల్లేస్తారు. ఈ పద్ధతిని ఇక్కడ ఉతేరా అంటారు. దున్నక్కర్లేదు, నీళ్లక్కర్లేదు. కరువులో అన్నీ ఎండినా తివరా బతుకుతుంది. చిక్కంతా అక్కడే. కరువొచ్చి నెలల తరబడి అదే ప్రధాన ఆహారమైతే కాళ్లు బిగుసుకుపోతాయి, మనిషి కర్రల మీద ఈడ్చుకుంటూ నడుస్తాడు. ఒకసారి వచ్చిన పక్షవాతం తిరిగి పోదు. సాగర్ ప్రాంతంలో తను చూసిన ఈ జబ్బు గురించి బ్రిటిష్ అధికారి స్లీమన్ 1844లో అచ్చయిన పుస్తకంలో రాశాడు. పప్పు అమ్మకంపై 1961లో నిషేధం వచ్చింది. సాగు మాత్రం ఆగలేదు.

ఇందులో విషం ఏమిటో 1964లో బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో తేల్చారు. ఎస్.ఎల్.ఎన్. రావు, పి.ఆర్. అడిగ, పి.ఎస్. శర్మ ఓడాప్ అనే అమైనో ఆమ్లాన్ని వేరుచేసి చూపించారు. వీరిలో రావు తర్వాత హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్‌గా పనిచేశారు. మెదడులో ఒక కణం మరో కణానికి కబురు పంపడానికి వాడే గ్లూటమేట్‌ను ఓడాప్ పోలి ఉంటుంది. కబురు ఆగకుండా మోగుతూనే ఉంటే కణం అలసి చచ్చిపోతుంది. కాళ్లను కదిలించే నాడీకణాలు ముందు బలవుతాయి. రాయ్‌పూర్‌లోని ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఈ విషం తక్కువగా ఉండే ప్రతీక్, మహాతివరా అనే రకాలు తయారుచేసింది. జబ్బు ఇప్పుడు అరుదు. కానీ తివరా భాజీ, పప్పు ఊళ్లలో తింటూనే ఉన్నారు. కొద్దికొద్దిగా, ఏళ్ల తరబడి తింటే నాడీకణానికి ఏమవుతుంది? నా మేనకోడలి ప్రశ్న అదే.

ఆ ప్రశ్నకు జవాబు కావాలంటే బతికున్న న్యూరాన్‌లో పారే విద్యుత్తును కొలవాలి. ప్యాచ్ క్లాంప్ అనే పద్ధతి ఉంది. నేయర్, సక్‌మన్ 1976లో ప్రపంచానికి చూపించారు, 1991లో నోబెల్ అందుకున్నారు. ఒక మైక్రాన్ మొన ఉన్న గాజు గొట్టాన్ని సూక్ష్మదర్శిని కింద కణం మీద ఆనించి, నోటితో సన్నగా పీల్చి అతికించాలి. చెయ్యి వణికితే కణం పగులుతుంది. ఇది పుస్తకం చదివితే వచ్చేది కాదు. వీణ నేర్చుకున్నట్టు ఒకరి పక్కన కూర్చుని నేర్చుకోవాలి. ఆ పక్కన కూర్చోబెట్టుకునే మనిషి, ఆ పరికరం తను చదివే చోట లేరు. కోర్సు అందుకే.

ఆ రాత్రి తర్వాత, అలవాటు కొద్దీ, విలేఖరి పని మొదలుపెట్టాను. ఇలాంటి అవకాశాలు ఎన్ని, ఎవరు ఇస్తారు, ఎవరికి ఇస్తారు? నాకు మొదట ఎదురైనది ఆశ్చర్యం. రాజనీతి చదివినవాడికి అన్నిటికంటే నచ్చేది అంతర్జాతీయ మెదడు పరిశోధన సంస్థ, అందరూ ఐబ్రో అని పిలిచేది. ప్రచ్ఛన్న యుద్ధం ముదిరిన రోజుల్లో, 1958లో మాస్కోలో కలిసిన శాస్త్రవేత్తలు తూర్పు-పడమరల మెదడు పరిశోధకుల్ని ఒక చోట చేర్చాలని అనుకున్నారు. 1961లో సంస్థ పుట్టింది. క్షిపణులు ఎదురెదురుగా పెట్టుకున్న దేశాలు పిల్లల్ని ఒకరి ప్రయోగశాలకు ఒకరు పంపుకోవాలనుకోవడం చిన్న సంగతేమీ కాదు. ఇప్పుడు ఆ సంస్థ శ్రద్ధ ఎక్కువగా ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికాల మీద. స్వల్పకాలిక స్కూళ్లు, ప్రయాణ గ్రాంట్లు దాని పని.

జపాన్‌లోని ఒకినావాలో 2004 నుంచి గణన నాడీశాస్త్రం మీద వేసవి కోర్సు నడుస్తూ వచ్చింది. అమెరికాలో వుడ్స్ హోల్ సముద్రతీరాన 8 వారాల కోర్సు ఉంది. యూరప్‌లో బోర్డో, లిస్బన్‌లలో కహాల్ కోర్సులు ఉన్నాయి. పీహెచ్‌డీ ముగించినవాళ్లకు స్ట్రాస్‌బర్గ్ నుంచి నడిచే హ్యూమన్ ఫ్రాంటియర్ సైన్స్ ప్రోగ్రామ్ మూడేళ్ల ఫెలోషిప్ ఇస్తుంది. ఎంబో రెండేళ్ల వరకు ఇస్తుంది, మూడు నెలల లోపు ఇచ్చిపుచ్చుకునే గ్రాంట్లు వేరు. వీటిలో నా చదువుకు సంబంధించిన మలుపు ఒకటుంది. మన పిల్లలకు తలుపు ఏ మేరకు తెరుచుకుంటుందన్నది చాలాసార్లు ప్రతిభ కన్నా ముందు ప్రభుత్వాల సంతకాల మీద ఆధారపడుతుంది. ఎంబో వెనకున్న దేశాల కూటమిలో భారత్ 2016లో అసోసియేట్ సభ్యురాలైంది. హ్యూమన్ ఫ్రాంటియర్‌లో 2006లో చేరింది. ఢిల్లీలో ఎవరో ఒక ఫైలు మీద పెట్టిన సంతకం డబ్ల్యూఆర్‌ఎస్ కాలనీ దాకా వస్తుంది, వచ్చినట్టు కాలనీకి తెలియదు, అంతే.

బయటికెళ్లి నేర్చుకుని రావడం మన నాడీవైద్యానికి కొత్త కాదు. కెనడాలోని మాంట్రియల్‌లో పెన్‌ఫీల్డ్ దగ్గర శిక్షణ పొందిన జేకబ్ చాందీ 1949లో వెల్లూరులో దేశంలోనే తొలి న్యూరోసర్జరీ విభాగం మొదలుపెట్టారు. ఒక మనిషి వెళ్లి వస్తే ఒక శాఖ పుట్టింది. ఇప్పుడు దేశంలోనూ దారులున్నాయి. బెంగళూరు ఎన్‌సీబీఎస్‌లో 2010లో మొదలైన క్యాంప్ కోర్సుకు విదేశీ అధ్యాపకులే వచ్చి చెప్పారు. 2008లో ఏర్పడిన డీబీటీ-వెల్‌కమ్ ఇండియా అలయన్స్ కార్యాలయం మన హైదరాబాద్‌లోనే ఉంది. 2020లో కోవిడ్ వేళ పుట్టిన న్యూరోమ్యాచ్ అకాడమీ ఆన్‌లైన్‌లో మూడు వారాల పాఠం చెబుతుంది, ఫీజు దేశాన్ని బట్టి తగ్గుతుంది. నా మేనకోడలు దాన్నీ చేసింది, బాగుందంది. కానీ గాజు గొట్టం పీల్చడం ఆన్‌లైన్‌లో రాదు కదా.

ఇన్ని ఉండీ రాయ్‌పూర్ నుంచి ఎందుకు వెళ్లరు? ఆ గైడ్‌ను తర్వాత కలిశాను. చెడ్డవాడు కాదు. "ఆ లింకు నాకు స్పామ్ అనిపించింది" అన్నారు. అబద్ధం చెప్పారని నేననుకోను. ఆయన ఉద్యోగ జీవితంలో ఎవరూ ఆయన్ను అలాంటి లేఖ అడగలేదు. బెంగళూరులో, ఢిల్లీలో ప్రొఫెసర్ల దగ్గర ఇలాంటి లేఖలు తయారుగా ఉంటాయి, పేరు మార్చి పంపిస్తారు. గడువులు కూడా అక్కడ క్యాంటీన్‌లో మాటల మధ్య తెలుస్తాయి. ఇక్కడ మా పిల్లకు ఆ కోర్సు గురించి తెలిసింది గడువుకు 9 రోజుల ముందు. కాసేపటికి ఆయన మెల్లగా మరో మాట అన్నారు: "వెళ్లినవాళ్లు తిరిగొస్తారా? వస్తే ఏం చేస్తారు?" మొదటి ప్రశ్నకు నాకు కోపం వచ్చింది. రెండోదానికి జవాబు దొరకలేదు.

2024 జనవరిలో మళ్లీ దరఖాస్తు. ఈసారి లేఖ ముసాయిదా తనే రాసి నెల ముందే ఆయన చేతికిచ్చింది. ఆయన రెండు వాక్యాలు కలిపి, తన గదిలోనే, తన ఎదుటే అప్‌లోడ్ చేశారు. ఆ రెండు వాక్యాలే లేఖలో బాగున్నాయని చెప్పాలి. మార్చిలో ఎంపికైనట్టు కబురొచ్చింది. ఫీజు లేదు, వసతి వాళ్లదే, విమాన ఖర్చు కూడా ఇస్తారు. అక్క ఆ సాయంత్రమే వీధిలో మిఠాయి పంచింది.

ఉత్తరం రెండో పేజీ ఎవరూ చదవలేదు. విమాన ఖర్చు ఇస్తారు, కానీ తిరిగి వెళ్లాక, రసీదులు చూపిస్తే. అంటే ముందు మనం పెట్టుకోవాలి. టికెట్ 82 వేలు. వీసా, బీమా, వేలిముద్రల కోసం హైదరాబాద్ ప్రయాణం వేరు. వీసా కోసం బ్యాంకు ఖాతాలో డబ్బు కనిపించాలి, తన ఫెలోషిప్ అప్పటికి 5 నెలలుగా జమ కాలేదు. పేదవాళ్ల కోసం పెట్టిన గ్రాంటును ముందు డబ్బున్నవాళ్లే వాడుకోగలరన్న సంగతి ఆ నియమం రాసినవాళ్లకు తట్టి ఉండదు. వాళ్ల దేశంలో విద్యార్థి దగ్గర క్రెడిట్ కార్డు ఉంటుంది.

"ఎఫ్‌డీ తీసేద్దాం" అన్నాడు బావ. అది రిటైరైనప్పుడు వచ్చిన సొమ్ములో మిగిలింది, పిల్ల పెళ్లికని పెట్టినది. అక్క లోపలికి వెళ్లిపోయింది. "సగం నేనిస్తాను బావా, మీరు సగమే తీయండి" అన్నాను. "తిరిగి వస్తుందా?" అని అడిగాడు. డబ్బు గురించి అడిగాడో, కూతురి గురించి అడిగాడో నాకు అర్థం కాలేదు. రెండింటికీ "వస్తుంది" అనే చెప్పాను.

రెండూ వచ్చాయి. డబ్బు మాత్రం తను తిరిగొచ్చిన 11 వారాలకు వచ్చింది, బ్యాంకు కమీషన్ మినహాయించుకుని. నా సగం పైసలతో సహా లెక్కగట్టి ఇచ్చింది. మూడు వారాల్లో 40 కణాలు పగలగొట్టి 7 పట్టుకున్నానని చెప్పింది. ఏడో కణం 20 నిమిషాలు బతికిందట. ఆ 20 నిమిషాల గ్రాఫు ఫోన్‌లో పెట్టుకుని వచ్చినవాళ్లందరికీ చూపించేది, పెళ్లి ఫొటోలు చూపించినట్టు. అక్క మొహం చిట్లించేది.

గైడ్ వేసిన రెండో ప్రశ్న మాత్రం అలాగే నిలబడింది. ఇక్కడ ఆ పరికరం ఇంకా లేదు. హైదరాబాద్‌లో ఒక ల్యాబ్ వాళ్లు తమ పరికరం ఖాళీగా ఉన్న రోజుల్లో వాడుకోనిస్తున్నారు. రెండు నెలలకోసారి సికింద్రాబాద్ రైలెక్కుతుంది, తివరా గింజల నుంచి తీసిన సారం ఉన్న చిన్న సీసాల్ని థర్మోకోల్ పెట్టెలో, ఐసులో పెట్టుకుని. దారి పొడుగునా ఐసు కరగకుండా చూసుకోవడమే తన పీహెచ్‌డీలో సగం పని అంటుంది. కోర్సులో తనతో కూర్చున్న ఒక యూరప్ అమ్మాయికి పరికరం పక్క గదిలోనే ఉంది. ఇద్దరూ ఒకే శిక్షణ పొందారు. ఇది తను ఫిర్యాదులా చెప్పదు, నేనే అలా వింటాను. వేల యూరోలు పెట్టి మనిషికి నేర్పిస్తున్న సంస్థలు, ఆ మనిషి తిరిగి వెళ్లే గదిలో ఏముందో కూడా అడిగితే బాగుంటుంది. మన ప్రభుత్వాలు అడగాల్సింది అంతకు ముందే.

తన డిపార్ట్‌మెంటు గోడకు రైతులకిచ్చే ఎరువుల కంపెనీ క్యాలెండర్ ఒకటి వేలాడుతోంది. దాని మీద కోర్సుల గడువులు ఎర్ర పెన్నుతో రాసింది, పక్కనే మన సమయం వేసి. లేఖ అడగాల్సిన తేదీ నెల ముందు నీలం పెన్నుతో. గైడ్ కూడా ఈమధ్య ఒక తేదీ చేర్చారట. మొన్న రాత్రి 11 దాటాక నాకు ఫోనొచ్చింది. జగదల్‌పూర్ నుంచి వచ్చి అక్కడ చేరిన కుర్రాడు, 500 పదాల జవాబు దిద్దిపెట్టమని అడుగుతున్నాడు. పెట్టేసే ముందు హిందీలో ఒక అనుమానం అడిగాడు: "సార్, క్యాలెండర్‌లో 4.30 అని ఉంది. సాయంత్రం కాదు కదా?"