గాలి ఎటు పోతుంది?
మండే ఎండ, ఎగిరే దుమ్ము. బిలాస్‌పూర్ అంచున మోప్కాలో ఇంట్లో కంప్యూటర్ బిగించుకునేవారికి ఫ్యాన్లే ప్రాణం

మే నెల మిట్టమధ్యాహ్నం బిలాస్‌పూర్ నుంచి సీపత్ వెళ్లే రోడ్డు మీద మనుషులు పల్చబడతారు. లారీలు మాత్రం ఆగవు. ఆ రోడ్డు మీదే ఉంటుంది మోప్కా. 2019లో బిలాస్‌పూర్ మునిసిపల్ కార్పొరేషన్ హద్దులు పెరిగి నగరంలో కలిసేదాకా ఇదొక గ్రామ పంచాయతీ. ఇంకా ముందుకెళితే సీపత్‌లో ఎన్టీపీసీ వారి 2,980 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రం. బొగ్గు, బూడిద, రోడ్డు దుమ్ము ఇక్కడి గాలిలో భాగం. ఇక ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. 2017 మే నెలలో బిలాస్‌పూర్‌లో ఉష్ణోగ్రత 49.3 డిగ్రీలు దాటకుండా ఆగింది, అంతే.

ఇలాంటి చోట విడిభాగాలు కొనుక్కొచ్చి ఇంట్లోనే కంప్యూటర్ బిగించుకోవడం సాహసమేమీ కాదు. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్ ఏవి కొనాలో చెప్పేవారికి కొదవ లేదు. అసలు చిక్కు చివర్లో వస్తుంది. చేతిలో మిగిలిన మూడు ఫ్యాన్లు, వాటి సన్నటి తీగలు. ఎటు తిప్పి బిగించాలి? ఏ పిన్నుకు తగిలించాలి? చాలామంది ఇక్కడ తొందరపడతారు. ఫ్యాన్ తిరిగితే చాలనుకుంటారు. తిరిగే ఫ్యాన్ చల్లబరుస్తోందన్న హామీ ఏమీ లేదు. రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా ఊదుకుంటూ కూడా హాయిగా తిరగగలవు.

మోప్కాలో ఈ పొరపాటు ఖరీదు మరీ ఎక్కువ. ఫ్యాన్ చలిని పుట్టించదు. ఉన్న గాలిని కదిలిస్తుంది, అంతే. గది గాలికంటే ప్రాసెసర్‌ను చల్లగా ఉంచడం దానివల్ల కాదు. గట్టిగా పనిచేసేటప్పుడు ఒక ప్రాసెసర్ గది కంటే 50 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుందనుకుందాం. ఏసీ వేసిన 25 డిగ్రీల గదిలో అది 75 దగ్గర ఆగుతుంది. మోప్కాలో 42 డిగ్రీల గదిలో 92కు చేరుతుంది. చాలా ప్రాసెసర్లు 100 డిగ్రీలు సమీపించగానే తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించేస్తాయి. ఇంకా వేడెక్కితే కంప్యూటర్ ఆగిపోతుంది. పరీక్ష రాస్తున్న విద్యార్థికీ, ప్రాజెక్టు పంపబోతున్న ఉద్యోగికీ అది మామూలు నష్టం కాదు. నెమ్మదిగా జరిగే నష్టం మరొకటి ఉంది. మదర్‌బోర్డు మీద, పవర్ సప్లైలో ఉండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల వేడికి దాదాపు సగానికి పడిపోతుందన్నది ఎలక్ట్రానిక్స్‌లో అందరికీ తెలిసిన లెక్క. వేరేచోట చెల్లిపోయే పొరపాటు ఇక్కడ చెల్లదు.

మరి ఈ ఊరికి ఈ విద్య కొత్తదా? కానే కాదు. ఇది రైల్వే ఊరు. నాగపూర్ నుంచి అసన్సోల్ దాకా బెంగాల్ నాగపూర్ రైల్వే వేసిన ప్రధాన మార్గం 1891లో పూర్తయింది. బిలాస్‌పూర్ ఆ దారిలో పెరిగిన జంక్షన్. అదే కంపెనీ లైన్లు తర్వాత వాల్తేరుదాకా సాగాయి. 1931లో రాయపూర్-విజయనగరం మార్గం పూర్తయ్యాక ఉత్తరాంధ్రకూ ఛత్తీస్‌గఢ్‌కూ రాకపోకలు మరీ సులువయ్యాయి. కొలువుల కోసం శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు ఖరగ్‌పూర్‌లో లాగే ఇక్కడా స్థిరపడ్డాయి. 2003లో బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రమైంది. కోర్బా నుంచి బిలాస్‌పూర్ మీదుగా విశాఖపట్నం వెళ్లే లింక్ ఎక్స్‌ప్రెస్ నేటికీ ఈ ఊరికీ ఉత్తరాంధ్రకూ బంధుత్వమే. రిటైరైతే క్వార్టర్ ఖాళీ చేయాలి. సొంతూరు వెళ్లనివారు నగరం అంచుల్లో ఇల్లు చూసుకుంటారు.

ఆ ఇళ్లలో ఎలక్ట్రిక్ ఇంజన్ నడిపిన తాత ఉంటే మనవడు అదృష్టవంతుడు. డబ్ల్యూఏజీ-7 వంటి పాత తరహా ఎలక్ట్రిక్ ఇంజన్ పెద్ద ఫ్యాన్ల గూడు. ట్రాక్షన్ మోటార్లను చల్లబరచడానికి వేరే బ్లోయర్లు, ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్‌కు మరొకటి, రెక్టిఫయర్లకు ఇంకొన్ని. బ్లోయర్‌కు కరెంటు అందితే సరిపోదు, గాలి నిజంగా వస్తోందో లేదో కనిపెట్టే రిలేలు కూడా ఉంటాయి. గాలి రాకపోతే ప్రధాన సర్క్యూట్ బ్రేకర్ తెరుచుకుని ఇంజన్ ఆగిపోతుంది. వేల టన్నుల బొగ్గు రైలు వెనక ఉన్నా సరే.

బల్ల మీది కంప్యూటర్‌లోనూ ఇదే ఏర్పాటు, చిన్న కొలతలో. ఫ్యాన్ తీగ చివర మూడు గానీ నాలుగు గానీ రంధ్రాలుంటాయి. మొదటిది గ్రౌండ్. రెండోది 12 వోల్టులు. మూడోది ఫ్యాన్ ఎంత వేగంగా తిరుగుతోందో మదర్‌బోర్డుకు చెప్పే తీగ. నాలుగోది వేగాన్ని ఎంతకు పెంచాలో, తగ్గించాలో మదర్‌బోర్డు ఫ్యాన్‌కు చెప్పే పీడబ్ల్యూఎం తీగ. 2004 ప్రాంతంలో ఇంటెల్ దీనికి ప్రమాణాలు ప్రకటించింది. తీగల రంగులు తయారీదారును బట్టి మారతాయి. నమ్ముకోవలసింది రంగును కాదు, కనెక్టర్ పక్కనుండే గాడిని. సరిగ్గా పెడితే జారిపోయినట్టు దిగుతుంది. బలవంతం చేయాల్సివస్తే ఎక్కడో తప్పు జరిగిందన్నమాటే.

మూడు రంధ్రాల ఫ్యాన్‌ను నాలుగు పిన్నుల చోట పెట్టినా పనిచేస్తుంది. అయితే బయోస్‌లో ఆ ఫ్యాన్‌ను డీసీ పద్ధతికి మార్చాలి. లేకపోతే అది ఎప్పుడూ పూర్తి వేగంతో హోరెత్తుతుంది. ప్రాసెసర్ మీద కూర్చునే ఫ్యాన్‌ను సీపీయూ ఫ్యాన్ అని రాసి ఉన్న పిన్నులకే తగిలించాలి. వేరేచోట పెడితే చాలా మదర్‌బోర్డులు ఫ్యాన్ లేదని హెచ్చరించి అక్కడే ఆగుతాయి. ఆ హెచ్చరిక చూసి బోర్డు పాడైందని దుకాణానికి పరుగెత్తనక్కర్లేదు. అది ఇంజన్‌లోని రిలే చేసే పనే. మామూలుగా ఒక్కో ఫ్యాన్ హెడర్ ఒక యాంపియర్ కరెంటు దాకా మోస్తుంది. చీలిక తీగ వేసి ఎన్ని ఫ్యాన్లయినా ఒకేచోట వేలాడదీస్తే అది కాలిపోవచ్చు. ఇప్పటి ఫ్యాన్లకు రంగు దీపాల తీగ వేరే వస్తుంది. అందులో 5 వోల్టుల రకం ఉంది, 12 వోల్టుల రకం ఉంది. మొదటిదాన్ని రెండోదానికి తగిలిస్తే దీపాలు అక్కడికక్కడే కాలిపోతాయి.

తీగల పని అయ్యాక మిగిలేది దిక్కు. ఫ్యాన్‌కు రెక్కలు పూర్తిగా కనిపించే ముఖం గాలిని లాక్కుంటుంది. మోటారును పట్టుకున్న కమ్మీలున్న ముఖం వైపు నుంచి గాలి బయటికి వెళ్తుంది. కొన్ని ఫ్యాన్ల అంచు మీద బాణం గుర్తు కూడా ఉంటుంది. ముందువైపు ఫ్యాన్లు లోపలికి, వెనకది బయటికి. పైన మరొకటుంటే అదీ బయటికే, ఎందుకంటే వేడిగాలి తనంతట తానే పైకి వెళ్లాలని చూస్తుంది. ప్రాసెసర్ ఫ్యాన్ ఊదే గాలి వెనక ఫ్యాన్ వైపు సాగాలి.

ఈ దశలో తాతా మనవళ్ల మాటలు ఎలా ఉంటాయో ఊహించడం కష్టం కాదు. "తాతా, మూడూ లోపలికే పెట్టేశాను. గాలి బాగా వస్తాది కదా?" అంటాడు కుర్రాడు. "రావడం సరేరా, మరి ఎలగ పోతాది?" అంటాడు పెద్దాయన. "కూలర్ ఆన్ చేసి తలుపులన్నీ మూసుకుంటావేటి?"

జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది. ఎండాకాలం బిలాస్‌పూర్‌లో కూలర్ లేని ఇల్లు తక్కువ. కూలర్ పెట్టిన కిటికీకి ఎదురుగా మరో కిటికీ తెరిచి ఉంచాలని ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు. లేకపోతే గది చల్లబడకపోగా చెమ్మతో జిగటగా మారుతుంది. క్యాబినెట్ కూడా ఒక చిన్న గదే. మళ్లీ కూలర్ గాలి నేరుగా కంప్యూటర్ మీద పడనివ్వకూడదు. పొడి వేడిలో అది గది గాలిని చల్లబరిచి మేలే చేస్తుంది గానీ, నీటి తుంపర్లు సర్క్యూట్ మీద పడితే మొత్తానికే మోసం.

దుమ్ముకూ ఒక లెక్కుంది. బయటికి పంపే గాలికంటే లోపలికి లాగే గాలి కాస్త ఎక్కువుంటే, గాలి ముందువైపు జల్లెడలో నుంచే వస్తుంది. తగ్గితే, క్యాబినెట్‌లో ఉన్న ప్రతి సందూ దుమ్ముకు దారి. సీపత్ రోడ్డు పక్కన ఇల్లయితే ఆ జల్లెడను తరచూ దులపక తప్పదు. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి ఉంచాలి. అదుపులేకుండా తిరిగితే బేరింగ్ అరిగిపోతుంది.

అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో తేల్చుకోవడానికి యంత్రాలేమీ అక్కర్లేదు. గదిలో కూలర్ ఆపి, ఒక అగరుబత్తి వెలిగించి క్యాబినెట్ ముందు దూరంగా పట్టుకుంటే చాలు. పొగ లోపలికి తిరగాలి. వెనక పట్టుకుంటే అవతలికి కొట్టుకుపోవాలి. దారి తప్పిందంటే ఏదో ఒక ఫ్యాన్ తలకిందులైనట్టే. నాలుగు స్క్రూలు విప్పి తిప్పి బిగిస్తే సరిపోతుంది. బయట 45 డిగ్రీల ఎండను ఎవరూ తగ్గించలేరు. పెట్టె లోపలి వేడికి మాత్రం బయటికి దారి చూపించవచ్చు.