హౌరా మీద ఒక ప్రశ్న

క్విజ్‌లో మంచి ప్రశ్న తెలిసినవాడికి గుర్తు చేస్తుంది, తెలియనివాడికి దారి చూపిస్తుంది. "హౌరా వంతెనను ఎప్పుడు తెరిచారు?" అన్న ప్రశ్నలో ఆ రెండో గుణం లేదు. 1943 ఫిబ్రవరి 3 అని ఎక్కడో చదివి ఉంటే జవాబు వస్తుంది, లేకపోతే రాదు. ఎంత ఆలోచించినా లాభం లేదు. అదే సంగతిని మరోలా అడగవచ్చు: "దాదాపు ఇరవై ఆరున్నర వేల టన్నుల ఉక్కును, నట్లూ బోల్టులూ వాడకుండా, రివెట్లతోనే బిగించి ఒక వంతెన కట్టారు. జపాను విమానాల భయంతో దాన్ని ఏ ఆర్భాటమూ లేకుండా తెరిచారు. ఆ వంతెన కింద పారే నది ఏది?" జపాను మాట వినగానే రెండో ప్రపంచ యుద్ధం మెదులుతుంది. ఆ యుద్ధంలో జపాను బాంబులు పడ్డ పెద్ద ఊరు ఏదంటే కలకత్తా తోస్తుంది. అక్కడినుంచి హుగ్లీ ఒక అడుగు దూరమే. తేదీ తెలియనివాడు కూడా జవాబు చెప్పగలడు.

ఇలాంటి ప్రశ్నను మన దేశంలో ఒక కళగా పెంచిన ఊరు కలకత్తా. 1967లో ఆంగ్లో ఇండియన్ విద్యావేత్త నీల్ ఓబ్రయన్ అక్కడి క్రైస్ట్ ద కింగ్ చర్చి హాల్లో నడిపిన పోటీని దేశంలో తొలి బహిరంగ క్విజ్‌గా చెబుతారు. 1972లో హైదరాబాదులో కె-సర్కిల్ అనే క్విజ్ సంఘం పుట్టింది. అదే ఏడాది బోర్న్‌వీటా క్విజ్ పోటీ మొదలైంది. 1985లో సిద్ధార్థ బసు 'క్విజ్ టైమ్' దూరదర్శన్ ద్వారా ఈ ఆటను ఇంటింటికీ చేర్చింది.

ప్రశ్నలు వెతికేవాడికి కలకత్తాకు ఎదురుగా, నదికి పడమటి ఒడ్డున ఉన్న హౌరా పెద్ద గని. తెలుగువాళ్లకు ఆ పేరు ముందు మెయిలు బండి వల్లే తెలుసు. కానీ అక్కడి చరిత్రలో తెలుగు నేల వాసన అంతకంటే పాతది. శిబ్‌పూర్‌లోని వృక్షోద్యానాన్ని 1787లో కల్నల్ రాబర్ట్ కిడ్ నెలకొల్పాడు. అందులోని మహా మర్రిచెట్టును చూపించి, దానికి లేనిదేమిటని అడగడం క్విజ్‌లో పాత అలవాటు. జవాబు: తల్లి మొదలు. తుపాన్లకు దెబ్బతిని, బూజు తెగులు పట్టిన మొదలును 1925లో తీసేశారు. ఊడలే మొదళ్లై చెట్టు ఈనాటికీ విస్తరిస్తోంది.

అయితే ఆ తోటలో తెలుగువాళ్లు వదలకూడని ప్రశ్న వేరే ఉంది. 1793లో తోట బాధ్యత చేపట్టిన విలియం రాక్స్‌బర్గ్ ఎక్కడినుంచి వచ్చాడు? నేటి కాకినాడ జిల్లాలోని సామర్లకోట నుంచి. స్కాట్లండులో పుట్టిన ఈ వైద్యుడు ఈస్టిండియా కంపెనీ కొలువులో సామర్లకోటలో ఉండి, అక్కడ తోట వేసి మొక్కలు పెంచాడు, చుట్టుపక్కల చెట్లను పరిశీలించాడు, స్థానిక చిత్రకారులతో బొమ్మలు వేయించాడు. 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా వెలువడిన 'కోరమాండల్ తీరపు మొక్కలు'లో 300 చిత్రాలున్నాయి. చెట్లకు తెలుగువాళ్లు వాడే పేర్లను 'తెలింగ' పేర్లుగా అతను రాసుకున్నాడు. సోమిద చెట్టు పేరు అలాగే తర్వాతి శాస్త్రవేత్తల చేతుల్లో 'సోయ్‌మిడా' అనే ప్రజాతి నామమైంది. అడవిలో కట్టెలు కొట్టుకునేవాళ్లు పిలిచిన మాట లోకమంతటి వృక్షశాస్త్ర పుస్తకాలకు ఎక్కింది. సామర్లకోటలో ఏ బడిలో క్విజ్ పెట్టినా మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే.

రెండో ప్రశ్న బెంగాలీ నవలాకారుడు శరత్ చంద్ర చటోపాధ్యాయది. 1916లో రంగూన్ వదిలి వచ్చిన శరత్, హౌరాలోని బాజే శిబ్‌పూర్‌లో కాపురం పెట్టాడు. 1917లో 'దేవదాస్' పుస్తకంగా వచ్చింది. తర్వాత హౌరా జిల్లాలోనే రూప్‌నారాయణ్ నది దగ్గర సామతాబేడ్‌లో ఇల్లు కట్టుకున్నాడు. చక్రపాణి అనువాదాల వల్ల, 1953లో అక్కినేని నటించిన 'దేవదాసు' వల్ల తెలుగువాళ్లు శరత్‌ను తమ రచయితగానే తలచారు. అంత దగ్గరివాడు ఏ ఊళ్లో కాపురమున్నాడంటే మాత్రం చాలామంది తడుముకుంటారు.

మూడో ప్రశ్న ఆట మైదానానిది. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్లో భారత్ 1-0తో ఇరాన్‌ను ఓడించింది. కెప్టెన్ శైలేన్ మన్నా హౌరా యూనియన్ క్లబ్బులో ఆట మొదలుపెట్టినవాడు. శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదు బడిపంతులు. ఇద్దరి పేర్లూ చెప్పి, కలిపే ముడి ఏమిటని అడిగితే అది క్విజ్‌వాళ్లు 'కనెక్ట్' అనే ప్రశ్న.

ప్రశ్న బాగుంటే చాలదు, వేదిక మీద వరుస కూడా న్యాయంగా ఉండాలి. ముందు రాత పరీక్షలో వడపోసి కొన్ని జట్లను కూర్చోబెడతారు. పాత పద్ధతిలో ప్రతి జట్టుకూ దాని వంతు ప్రశ్న వచ్చేది. వాళ్లు చెప్పలేకపోతే పక్క జట్టుకు వెళ్లేది. దాంతో బలహీనమైన జట్టు పక్కన కూర్చున్నవాళ్లకు ఊరికే లాభం. దీన్ని సరిదిద్దడానికి వచ్చినదే 'ఇన్ఫినిట్ బౌన్స్': చివరగా జవాబు చెప్పిన జట్టుకు తర్వాతి జట్టు నుంచి కొత్త ప్రశ్న మొదలవుతుంది. ఎవరి పక్కన కూర్చున్నామన్నది అప్పుడు అంతగా లెక్కలోకి రాదు. అవధానంలో పృచ్ఛకుడికి ఉన్నంత బాధ్యత క్విజ్ మాస్టరుకూ ఉంది.

ఆ బాధ్యతలో నిజం సరిచూసుకోవడం ముఖ్యం. 'క్విజ్' అన్న మాటనే డబ్లిన్‌లో ఒక నాటకశాల యజమాని 1791లో పందెం కోసం గోడల మీద రాయించి పుట్టించాడని వేదికల మీద తరచూ చెబుతారు. ఆ మాట అంతకు ముందే అచ్చులో ఉంది. హౌరా ప్రశ్నలకు ఈ జాగ్రత్త ఇంకా అవసరం, ఎందుకంటే అక్కడ పేర్లు మారాయి. వంతెన 1965లో రవీంద్ర సేతు అయింది. తోటకు 2009లో జగదీశ్ చంద్ర బోస్ పేరు పెట్టారు. 1977లో మొదలైన కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ 2022 నుంచి హౌరా స్టేషన్లో కాక షాలిమార్‌లో బయలుదేరుతోంది. స్టేషన్ అడిగితే పాత జవాబు తప్పు. ఊరు అడిగితే మాత్రం షాలిమార్ కూడా హౌరాలోనిదే కనుక, మార్కు ఇవ్వాల్సిందే.