తొందర కుట్టు

మధ్య వియత్నామునందు తుబోన్ నదీతీరమున హోయియాన్ అను ప్రాచీనమైన రేవుపట్టణము కలదు. పూర్వము చీనా, జపాను దేశముల వర్తకులు ఇచ్చటికి వచ్చి పట్టు మున్నగు సరకులు కొనుచుండిరి. 1999వ సంవత్సరమున యునెస్కోవారు దీనిని ప్రపంచ వారసత్వస్థలముగా గుర్తించిరి. నేడు యాత్రికుల నాకర్షించువానిలో ఇచ్చటి దర్జీపని యొకటి. సాయంకాలము కొలతలిచ్చినచో మఱునాటికే ఉడుపులు సిద్ధమగును.

నేనును బట్టల అంగడికి పోయితిని. పట్టు అని చూపు బట్టలలో పాలియెస్టరును ఉండవచ్చును గాన పోగును కాల్చి చూడవలెను. అసలు పట్టు వెండ్రుక కాలిన వాసన కొట్టి బూడిద యగును. పాలియెస్టరు కరగి ముద్దకట్టును. బట్టను పరీక్షించుటకు ఇట్టి ఉపాయము కలదు. కుట్టు చేతుల సంగతి మాత్రము అడిగియే తెలిసికొనవలెను.

నేను పొడుగు చొక్కాకు నూలుబట్ట నెన్నుకొంటిని. అంగడి యామె కొలతలు తీసికొని, "రేపు ఉదయమునకే ఇత్తును" అనెను. కుట్టువారెవరని అడిగితిని. ఇరుగుపొరుగు స్త్రీలు తమ యిండ్లలో రాత్రివేళ కుట్టుదురని చెప్పెను.

"నాకు నాలుగవనాటికి చాలును. వెల తగ్గింప నక్కఱలేదు" అంటిని.

ఆమె యొక క్షణము నా వంక చూచి, చిఱునవ్వుతో చీటిపై తేదీ దిద్దెను. రెండవనాడు తొడిగి చూడగా భుజము బిగువుగా నుండెను. కుట్టు విప్పి సవరించుటకు వారికి తీరిక యుండెను.

పండుగ ముందునాడు దర్జీని తొందరపెట్టుట మన యిండ్లలోను కలదు. ఆ తొందర ఖరీదు చీటిలో కానరాదు. ఒకరి నిద్రలో చెల్లుచుండును. కొలతలతోపాటు గడువును ఇచ్చుట ధరించువారి ధర్మము.