నగరిలోని నేతయిండ్లు

చెన్నపట్టణమునుండి తిరుపతికి పోవు రైలులో నేనెన్నిమారులు పోయితినో లెక్కలేదు గాని, నడుమ నగరిలో దిగినది ఈ సంవత్సరమే. స్వామిదర్శనమునకు పోవు సోదరీమణులనేకులు నావలెనే ఆ యూరిని కిటికీలోనుండి మాత్రమే చూచియుందురు. తిరుత్తణి దాటిన కొంతసేపటికి వెంకటనరసింహరాజువారిపేట యను స్టేషను వచ్చును. మన దేశపు స్టేషనుల పేర్లలో మిక్కిలి పొడవైనవానిలో నది యొకటి. పిల్లలు దానిని కూడబలుకుకొని చదువునంతలో బండి కదలిపోవును. ఆ ప్రాంతమున మనుష్యుని ముక్కువలె వంగిన యొక కొండశిఖరము కనబడును. అదే నగరిముక్కు. తెరచాప యోడల కాలమున చెన్నపట్టణపు రేవునకు వచ్చు నావికులు సముద్రముమీదనుండియే దానిని గురుతుపట్టెడివారట.

చిన్ననాడు మా పొరుగింట పెరిగిన పిల్ల యొకతె నగరిలో నేతపని వారింట కోడలైనది. ఆమె పిలువగా పోయితిని. ఊరు కుశస్థలినది యొడ్డున నున్నది. సంవత్సరమున పెక్కునెలలు అందు ఇసుకయే గాని నీరుండదు. వానకాలమున వచ్చిన నీరు దిగువకు పోయి, 1944లో కట్టిన పూండి జలాశయమును చేరి చెన్నపట్టణపు వారి దాహము తీర్చును. చిత్తూరు జిల్లా 1953 వరకు మద్రాసు రాజ్యములోనిదే. 1960 ఏప్రిలు 1వ తేదిన తిరుత్తణి తాలూకా తమిళులకు పోయినప్పటినుండి సరిహద్దు నగరికి చేరువైనది. అంగళ్లలో ఒక మాట తెలుగు, ఒక మాట అరవము. రెండు భాషలకును చెందిన ‘భోగ్యము’ అను మాట యొకటి నే నక్కడ పదేపదే వింటిని. దానినిగురించి ముందు చెప్పెదను.

నేతవీధిలో అడుగుపెట్టగానే మొదట తెలియునది చప్పుడు. ఒకనాడిచ్చట గుంతమగ్గములుండెడివి. నేడు నగరియందును, పొరుగున నున్న పుత్తూరునందును మరమగ్గములే యెక్కువ. మా పిల్ల యింట రెండు మగ్గములున్నవి. వానిమీద లుంగీలు నేయుదురు. నూలు వేరొకరిది, వీరిది మగ్గము, విద్యుత్తు, శ్రమ. నేసిన గుడ్డకు మజూరి ముట్టును. మగడు మగ్గముల కడ నిలువగా, ఆమె కండెలు చుట్టును, తెగిన పోగులు ముడివేయును, నడుమ నడుమ పొయ్యి చూచుకొనును. మాటాడవలెనన్న చెవికడకు వంగవలసినదే.

“మగ్గము లెక్కడ పెట్టితిరి, మీరెక్కడ పండుకొందురు?” అని యడిగితిని. ఆమె నవ్వి అడుగులబద్ద తెచ్చెను. ఇద్దరమును కొలిచితిమి. చుట్టును మనిషి తిరుగుటకు చోటు విడిచిన, ఒక్కొక్క మగ్గమునకు సుమారు 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు కావలసియున్నది. రెంటికి 160 చదరపు అడుగులు. ఇంటిలో మేలైన గది, వెలుతురున్న గది, మగ్గములదే. వంట, నిద్ర, పిల్లల చదువు, చుట్టముల రాక అన్నియు మిగిలిన చోటనే జరుగవలయును.

ఇల్లు వారిది కాదు. నెలబాడుగకును లేరు. భోగ్యమునకు తీసికొనిరి. ఇంటిగలవానికి ఒక పెద్ద మొత్తము ముందుగా ఇచ్చి, గడువు తీరువరకు బాడుగ లేకుండ కాపురముండి, పోవునప్పుడు ఆ మొత్తమును వడ్డిలేక తిరిగి పుచ్చుకొనుటయే భోగ్యము. ఇంటిగలవానికి వడ్డిలేని యప్పు దొరకును. ఉండువారికి నెలనెల బాడుగ బాధ తప్పును. చూచుటకు ఇరువురికిని లాభమే. కాని ఆ మొత్తము వచ్చుట యెట్లు? మా పిల్ల తన గొలుసును గాజులను బ్యాంకులో కుదువపెట్టినది. ఇంటికి బాడుగ లేదుగాని, బంగారమునకు వడ్డి యున్నది. “బాడుగ కట్టుట లేదని అందఱు నన్ను అదృష్టవంతురాల నందురక్కా. నా మెడ బాడుగ కట్టుచున్నదని ఎవరికి తెలియును?” అని యామె యనెను.

అంతకంటె భయపడదగిన సంగతి మరియొకటి వింటిని. ఆ వీధిలోనే యొక కుటుంబము భోగ్యమునకు చేరినది. వ్రాత కోతలు లేవు. పెద్దమనుష్యుల యెదుట చేసిన మాటయే. తీరచూడగా ఆ యిల్లు అంతకుముందే వేరొకచోట కుదువలో నున్నది. అప్పులవారు వచ్చిననాడు భోగ్యపు సొమ్ము ఇచ్చినవారికి చేతిలో చీటియైనను లేదు. మగ్గము లూడదీసి బంధువుల షెడ్డులో పడవేసి, మూడుమాసములు పనిలేక కూర్చుండిరట. ఇల్లు పోయిన దినముననే కూలియు పోయినది.

ఈ విషయమున చట్టము తెలిసికొనుట మనవంటివారికి అవసరము. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము ప్రకారము, వేఱు ఒప్పందము లేనప్పుడు, కాపురమునకు నెలబాడుగకు తీసికొన్న ఇల్లు ఖాళీ చేయించుటకు 15 దినముల నోటీసు చాలును. పదునైదు దినములలో సామాను కట్టవచ్చును. నేలకు బిగించిన మరమగ్గము నూడదీసి, వేరొకచోట విద్యుత్తు సంపాదించి, మరల నాడె ఆడించుట ఎట్లు? అదే చట్టము వస్తువులు తయారుచేయుటకు తీసికొన్న కట్టడమునకు 6 నెలల నోటీసు చెప్పుచున్నది. కావున ఇంట మగ్గముండునను సంగతి ఒప్పందమున వ్రాయించి, దానిని రిజిస్టరు చేయించుకొనవలెను. ఇల్లు తాకట్టుగా వ్రాయించుకొన్నచో, 100 రూపాయలు మొదలుకొని యెంత సొమ్మైనను ఇద్దరు సాక్షులతో రిజిస్టరు కావలసినదే. సొమ్మిచ్చుటకు ముందే సబురిజిస్ట్రారు కచేరిలో ‘ఈసీ’ తీయించినచో, ఆ యింటిమీద రిజిస్టరైన అప్పులెవ్వియో తెలియవచ్చును. దానికగు ఖర్చు స్వల్పము.

సొంతయిల్లు గలవారు సుఖులని తలంపరాదు. ఎదురింటి ముసలమ్మది పూర్వులనాటి పెంకుటిల్లు. వానవచ్చిన ప్రతిసారియు ఆమె మొదట పడుగుమీద పట్టా కప్పి, పిమ్మట బియ్యపు డబ్బా కదల్చును. తడిసిన పడుగునకు మజూరి కోసివేయుదురు గదా! కొడుకులు నలుగురు, ఇల్లొక్కటి. పంచినచో ఎవరివంతునను మగ్గము పట్టదు. అమ్మినచో ఎవరికిని వేరొక యిల్లు రాదు. కప్పు బాగుచేయుటకు తెచ్చిన యప్పునకు నెలనెల కట్టునది బాడుగకు తక్కువ కాదని ఆమె చెప్పినది. ఇల్లు తనదగుట వేఱు, ఆ యింటిని నిలువబెట్టుకొనుట వేఱు.

మా పిల్లకొక స్థలము కూడ కలదు. 2020 డిసెంబరు 25న మన రాష్ట్రమున పేదలకు ఇండ్లస్థలముల పట్టాల పంపకము ఆరంభమైనది. 30 లక్షలకు పైగా పట్టాలు స్త్రీల పేరిటనే ఇయ్యవలెనని నిర్ణయించిరి. పట్టణమున 1 సెంటు, గ్రామమున సెంటున్నర. ఇంటికి 1,80,000 రూపాయలని అప్పుడు లెక్కకట్టిరి. తన పేరు గల ఆ కాగితమును ఆమె పసుపు గుడ్డలో చుట్టి పెట్టెలో దాచుకొన్నది. నాకది తీసి చూపినప్పుడు ఆమె ముఖము వెలిగినది. పుట్టింట గాని మెట్టినింట గాని ఆమె పేరు అంతకుముందు ఏ గోడమీదను లేదు.

కాని సెంటనగా 435 చదరపు అడుగుల చిల్లర. 36 అడుగుల అంకణములలో చెప్పినచో పండ్రెండు. (నెల్లూరివైపు అంకణము 72 అడుగులు, స్థలము కొనువారు ఏ అంకణమో అడిగి మరీ బేరమాడవలయును.) అందు గోడల మందము, మెట్లు, మరుగుదొడ్డి పోగా, రెండు మగ్గములకు 160 అడుగులు విడిచినచో మనుష్యులకు మిగులునదేమి? స్థలమా ఊరికి దూరము. నూలిచ్చువాడు, గుడ్డ కొనువాడు, మగ్గము బాగుచేయువాడు అందఱు నీ వీధిలోనే యున్నారు. 2024లో ప్రభుత్వము మారిన పిమ్మట పట్టణమున 2 సెంట్లు, గ్రామమున 3 సెంట్లు ఇయ్యవలెనని విధానము చేసిరి. కొలత పెరుగుట మంచిదే. కాని నేతవానికి ఇల్లొక్కటే చాలదు, అదే యతని కార్ఖానా యని కూడ తలంచి కొలిచిననాడు ఆ మంచి పూర్ణమగును.

అమెరికా దేశమున ఇంటి ఖర్చునకు ఒక సూత్రము పెట్టుకొనిరి. 100 రూపాయల రాబడిలో 30 రూపాయలకు మించి ఇంటికి పోవుచున్నచో ఆ కుటుంబము ఇంటిభారము మోయుచున్నట్లు లెక్క. 1969లో అక్కడి సర్కారు ఇండ్లలోని బీదల బాడుగకు నూటికి 25గా నుంచిన హద్దును 1981లో 30కి పెంచిరి. సూత్రము సులభమే. కాని మా పిల్ల లెక్కకది పట్టునా? ఇంటికైన ఖర్చులో కొంత మగ్గమునకు చెందును; మగ్గము సంపాదించినదానిలో కొంత ఇంటికి చెందును; బంగారపు వడ్డి ఏ పద్దున వ్రాయవలయును? ఇంటి లెక్కను పనిలెక్కనుండి విడదీసినవారికి ఆమె బీదరికము కనబడదు. బాడుగ సున్న యని వ్రాసి పుస్తకము మూసివేయుదురు.

బయలుదేరునాటి యుదయమున ఆమె తన నిశ్చయము చెప్పినది. స్థలమును విడువదు, అమ్మదు; మజూరిలో మిగిలినదానితో మొదట పునాది, పిదప ఒక గది. మగ్గములకు చోటు కుదురువరకు ఈ యింటనే యుండును. కాని ఈమారు భోగ్యపు గడువు పొడిగించునప్పుడు కాగితము రిజిస్టరు చేయించవలెనని ఇంటిగలవారి నడిగినది. ఆయన నొచ్చుకొని, “ఇన్నేండ్లుగా ఉన్నారు, నామీద నమ్మకము లేదా తల్లీ?” అనెనట. “నమ్మకము లేక కాదన్నా, నా గొలుసు బ్యాంకులో నున్నది” అని యీమె బదులు చెప్పినదట. ఆయన కొంతసేపాలోచించి, మరుసటివారము కచేరికి వచ్చెదనని ఒప్పుకొనెను.

రైలు కదలినప్పుడు మగ్గముల చప్పుడు స్టేషనువరకు వినబడుచునే యుండెను. మనమింట కట్టుకొను లుంగీ, తుండుగుడ్డ ఎవరి గదిలో నేయబడినదో, ఆ గదికొఱకు ఎవరి మెడలోని బంగారము కుదువపోయినదో మనకు తెలియదు. సోదరీమణులారా! మీరు బాడుగకున్నను, భోగ్యమునకున్నను, సొంతయింట నున్నను, ఆ యింటి కాగితము లొకసారి తీసి చదువుకొనుడు. అందు మీ పేరున్నదో లేదో, మీ సొమ్మున్నదో లేదో చూచుకొనుడు. అడుగుటకు సిగ్గుపడవలసిన పనిలేదు.