చింతపిక్కల లెక్క

మా ఆశ్రమ పాఠశాలలో లెక్కలు చెప్పే ఇద్దరమూ కోయవాళ్లమే. మేమూ ఇలాంటి బడుల్లోనే చదివాం. 36కి వర్గమూలం ఎంత అంటే 18 అని చెప్పి గోడకుర్చీ వేసినవాళ్లం.

పోయిన ఏడాది చింతపండు రోజుల్లో, ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె అదే జవాబు చెప్పింది. "సగం కాదని ఎన్నిసార్లు చెప్పాలి?" అని అందరి ముందూ కసిరాం. శనివారం ఇంటికి పోయిన పిల్ల సోమవారం రాలేదు. మంగళవారమూ రాలేదు. మా గూడేల్లో ఆడపిల్ల వారం రోజులు బడి మానితే ఇక మానినట్టే. అది మాకు తెలుసు.

బుధవారం సాయంత్రం వాళ్ల ఇంటికి వెళ్లాం. తల్లి అరుగు మీద చింతపండు కొడుతోంది. పిల్ల మమ్మల్ని చూసి లోపలికి పోయింది. ఏం మాట్లాడాలో తోచక 36 పిక్కలు లెక్కపెట్టి, "ఎన్ని వరసలు పేరిస్తే వరసకూ అన్నే పిక్కలు వస్తాయమ్మా?" అని తల్లిని అడిగాం.

"జీడిమామిడి మొక్కలు నాటినట్టా సారూ?" అంటూ ఆమె ఆరు వరసలు పేర్చింది. ఆమె ఏనాడూ బడికి పోలేదు.

పిల్ల గడప దాకా వచ్చింది. "18 వరసలైతే?" అంది. పేర్చి చూడమన్నాం. వరసకు రెండే వచ్చాయి. "ఇది చదరం కాదు, పొడుగు" అని తనే అంది.

అప్పుడు మాకు తెలిసింది. 18 మొద్దు జవాబు కాదు, వేరే ప్రశ్నకు జవాబు. ఏ సంఖ్యను దానితోనే కూడితే 36 వస్తుందో అది 18. ఏ సంఖ్యను దానితోనే గుణిస్తే 36 వస్తుందో అది 6. వర్గం అంటే ఆ చదరం, మూలం అంటే వేరు. చదరం ఏ సంఖ్య నుంచి మొలిచిందో అదే దాని వేరు. డిప్లొమా చదివిన మాకు ఈ మాట ఎవరూ విప్పి చెప్పలేదు. మేమూ పిల్లలకు చెప్పలేదు.

తర్వాత 30 పిక్కలు ఇచ్చాం. ఐదు వరసలు నిండాక 5 మిగిలాయి. ఆరు వరసలకు 6 తక్కువయ్యాయి. "అయిదుకీ ఆరుకీ నడుమ ఉంటుంది" అంది. 5.5ను 5.5తో గుణిస్తే 30.25 వస్తుందని, అంటే 30 వర్గమూలం 5.5 కంటే కాస్త తక్కువని అరుగు మీద బొగ్గుతో రాసి చూపాం.

లేచేటప్పుడు "తప్పు మాదమ్మా" అన్నాం. పిల్ల ఏమీ అనలేదు. గురువారం పొద్దున ప్రార్థన వరసలో నిలబడి ఉంది.

ఇప్పుడు మా తరగతిలో చింతపిక్కల డబ్బా ఒకటి ఉంటుంది. ఎవరైనా 18 అంటే, ముందు ఆ డబ్బా దించుతాం.