చిప్పు మీది రాత

దసరా సెలవుల్లో హైదరాబాదులో నేర్చుకున్నది ఒకటి, మీ దగ్గర దాచింది ఒకటి, రెండూ ఇక్కడ రాస్తున్నాను.

మన ల్యాబులో మూడో కంప్యూటరు కూతలు పెట్టడమే గాని తెర వెలగలేదు, గుర్తుందా? సారు ర్యామ్ ముక్క బయటికి తీసి, దాని బంగారు రంగు అంచులు రబ్బరుతో తుడిచారు. అయినా పని చెయ్యలేదు. అలాంటిదే కొత్తది కొనాలన్నారు. అన్నం బెల్లు కొట్టాక వెళ్లి వచ్చేసరికి దాని మీది స్టిక్కరు మాయం. అది ఎన్ని జీబీలో, ఏ రకమో తెలియలేదు. ఆ రోజు ల్యాబు ఊడ్చిన మన క్లాసువాడి మీద నేరం పడింది.

సెలవుల్లో మాదాపూర్‌లో సెక్యూరిటీ గార్డు చేసే మా బావ దగ్గరికి పోయాను. 1998లో ప్రధాని వాజ్‌పేయి గారు ప్రారంభించిన సైబర్ టవర్స్ బావ చూపించాడు. మెమరీ చిప్పులు చేసే అమెరికా కంపెనీ మైక్రాన్ కూడా 2019లో హైదరాబాదులో తన కేంద్రం తెరిచింది. ఇవన్నీ చూస్తున్నా నాకు మన మూడో కంప్యూటరే యాదికొచ్చింది.

బావ గదికి ఎదురుగా కంప్యూటర్లు బాగుచేసే ఒక అన్న ఉంటాడు. ఆయన డబ్బా నిండా పాత ర్యాములే. సంగతి చెప్తే నవ్వాడు. "స్టిక్కరు ఎవడైనా అంటిస్తాడు తమ్ముడూ, చిప్పు మీది రాత చదువు" అన్నాడు.

మా తాత కూడా అంతే. విత్తనాలు కొనేటప్పుడు సంచి మీద అచ్చు చూడడు, గింజ కొరికి చూస్తాడు.

కె4 అని మొదలైతే శాంసంగ్, హెచ్5 అయితే హైనిక్స్. మైక్రాన్ చిప్పుల మీద అయిదు అక్షరాల పొట్టి గుర్తు ఉంటుంది, దాన్ని కంపెనీ పట్టికలో వెతకాలి. శాంసంగ్‌లో కె4బి అంటే డిడిఆర్3, కె4ఎ అంటే డిడిఆర్4. ఒకదాని గాడిలో ఇంకొకటి పట్టదు, గాటు వేరేచోట ఉంటుంది.

బడికి రాగానే సైన్సు ల్యాబు భూతద్దం తెచ్చి సారు ముందే మన ముక్క చదివాను. కె4బి4జి0846 అని ఉంది. 4జి అంటే ఒక్కో చిప్పులో 4 గిగాబిట్లు. 08 అంటే ఒకేసారి 8 బిట్లు ఇస్తుంది. చిప్పులు ఎనిమిది. 8 నాలుగులు 32 గిగాబిట్లు. 8 బిట్లు ఒక బైటు కాబట్టి 4 జీబీ! చివర కె0 ఉంది, అంటే 1600 వేగం. సారు అలాంటిదే తెప్పించారు. కంప్యూటరు నడిచింది. అందరూ నాకు చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లు నాకు ముల్లులా గుచ్చుకున్నాయి. ఎందుకంటే ఆ స్టిక్కరు పీకింది నేనే. మెరుస్తోందని నోటుబుక్కు మీద అంటించుకున్నాను. సారు అడిగినప్పుడు భయపడి తల దించుకున్నాను. చెయ్యని తప్పుకి మిత్రుడు వారం రోజులు ల్యాబు గుమ్మం బయట నిలబడ్డాడు. ఒక్కరోజు కూడా నా పేరు చెప్పలేదు. వాడికి తెలుసని నాకూ తెలుసు.

మిత్రమా, నన్ను క్షమించు. సార్, నా వంతు వచ్చినప్పుడు మూడో కంప్యూటరు దగ్గర వాడిని కూర్చోబెట్టండి. వారం రోజులు నేను బయట నిలబడతాను.

ఇట్లు,
మీ 9వ తరగతి విద్యార్థి