నల్లగండ్లలో స్పానిష్ బుడగలు

నల్లగండ్ల అంటే ఇప్పుడు అందరికీ గుర్తొచ్చేవి అపార్ట్‌మెంట్లు, ట్రాఫిక్కూ. లింగంపల్లి స్టేషన్ దాటి ఇటు వస్తే చెరువు, హుడా లేఅవుట్, ఆకాశాన్ని మూసేస్తున్న టవర్లు. సాయంత్రం ఏడింటికి ఇక్కడ బండి నడపడం కంటే దిగి నడవడమే నయం. రాత్రి పదకొండు దాటితే మాత్రం ఊరు వేరు. బజ్జీల బండ్లు కట్టేసినా కిటికీల్లో లైట్లు ఆరవు. చాలామంది అమెరికా క్లయింట్లతో కాల్స్‌లో ఉంటారు. మా ఫ్లాట్లో ఓ లైటు మెక్సికో కోసం వెలుగుతుంది.

మా రూమ్మేట్‌ది ఒంగోలు. పగలు టెస్టింగ్, రాత్రి మాంగా. అంటే జపనీస్ కామిక్స్. జపాన్‌లో వచ్చిన కథల్ని అనుమతి లేకుండా స్పానిష్‌లోకి మార్చే అభిమానుల జట్టొకటుంది. అందులో మెక్సికో, పెరూ కుర్రాళ్లే ఎక్కువ. మావాడు దానికి క్లీనర్ (లారీ క్లీనర్ కాదు!), టైప్‌సెట్టర్ కూడా. బుడగల్లోని జపనీస్ అక్షరాలు చెరపాలి, వాటి కింద పోయిన గీతల్ని మళ్లీ గీయాలి, వాళ్లు పంపిన స్పానిష్ మాటల్ని అమర్చాలి. వాడికొచ్చిన స్పానిష్ 'ఓలా', 'గ్రాసియాస్' అంతే. మనకి రాత్రి పదిన్నరైతే మెక్సికో సిటీలో ఉదయం పదకొండు. జట్టు మీటింగ్ అప్పుడే.

స్పానిష్‌లోనూ పేచీలున్నాయట. 'డ్రాగన్ బాల్'లో గోకూ అరిచే 'కామెహామెహా' స్పెయిన్ డబ్బింగులో 'ఓందా వితాల్' అయింది. ప్రాణ తరంగం అన్నమాట. లాటిన్ అమెరికా వాళ్లకి ఇప్పటికీ అదో జోకు.

"పైసా రాదు, ఎందుకురా?" అంటే, "కథ నచ్చింది మామా. నేను చెయ్యకపోతే ఈ వారం వాళ్లకి అందదు" అంటాడు.

నాకు పూర్తిగా మింగుడుపడదు. అనువాద హక్కు రచయితది. మన 1957 కాపీరైట్ చట్టమూ అదే అంటుంది. వారం వారం ఇరవై పేజీల దాకా గీసే మనిషికి ఇందులో రూపాయి రాదు. అలాగని వీళ్లని దొంగలని తీసిపారేయలేను. షుయేషా సంస్థ 2019 జనవరిలో 'మాంగా ప్లస్' ఇంగ్లిష్‌లో తెచ్చి, ఫిబ్రవరిలోనే స్పానిష్‌లోనూ మొదలుపెట్టింది. జపాన్‌లో వచ్చిన రోజే కొత్త అధ్యాయాలు ఉచితం. అక్కడ చదివేవాళ్లు ఇంతమంది ఉన్నారని ముందే చూపించింది ఇలాంటి జట్లేనని నా ఉద్దేశం.

అధికారికంగా స్పానిష్‌లో వస్తే తమది తీసేయడం వీళ్ల జట్టు కట్టుబాటు. మావాడు నాలుగు నెలలు రాత్రిళ్లు కూర్చున్న కథకి మొన్న అదే జరిగింది. అన్నీ తీసేశారు. వాడు ఏమీ మాట్లాడలేదు, ఆ రాత్రి త్వరగా పడుకున్నాడు. రెండ్రోజుల తర్వాత తెలుగు ఫాంట్లు వెతకడం మొదలుపెట్టాడు.

2025 సెప్టెంబరులో 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాసిల్' తెలుగులోనూ థియేటర్లకొచ్చింది. మేమిద్దరం తెలుగు షోకే వెళ్లాం. అప్పట్నుంచీ ఆ పురుగు తొలుస్తూనే ఉన్నట్టుంది.

తెలుగులో చిక్కు వేరు. జపనీస్ పైనుంచి కిందికి రాస్తారు కాబట్టి బుడగలు నిలువుగా, సన్నగా ఉంటాయి. 'వెళ్లిపోవాల్సొచ్చింది' ఒక్క మాటే! ఎక్కడ విరగ్గొడతారు? అక్షరం చిన్నది చేస్తే ఒత్తులు చీమల్లా కనిపిస్తాయి. కానీ చెల్లెలు 'ఒనీచాన్' అని పిలిచేచోట ఇంగ్లిష్‌వాళ్లు 'బిగ్ బ్రదర్' అని తంటాలు పడతారు. మనకి 'అన్నయ్యా' చాలు, బుడగలో చోటు కూడా మిగులుతుంది.

ఎనిమిది పేజీలయ్యాయి. ఎక్కడా పెట్టలేదు, మా ఇద్దరికే. తొమ్మిదో పేజీలో గొడవొచ్చింది. హీరో తన గురువుని 'మీరు' అనాలంటాను నేను. "ఆ పొగరుబోతు మీరు అంటాడా మామా, నువ్వు అనే అంటాడు" అంటాడు వాడు. టైమ్ రెండున్నర. రేపు ఇద్దరికీ తొమ్మిదింటికి స్టాండప్ ఉంది.